థాయి తులసి మన రుద్రజడకు చుట్టమే!

పేరు విని కంగారు పడవలసిన పని లేదు. పట్నాల్లో పెద్ద కూరగాయల దుకాణాలలో 'థాయి బేసిల్' అని చీటీ అంటించి, చిన్న చిన్న కట్టలుగా అమ్ముతున్న ఆకు మన పెరళ్లలో పెరిగే రుద్రజడకు దగ్గర చుట్టం. కదంబం మాలలో మరువంతో, దవనంతో కలిపి కట్టే రుద్రజడే అది. కొన్ని ఊళ్లలో భూతులసి అనీ, విభూది పత్రి అనీ కూడా అంటారు. వేసవిలో షర్బత్తులో నానబెట్టుకునే సబ్జా గింజలు ఈ మొక్కవే. వృక్షశాస్త్రజ్ఞులు థాయి తులసినీ, రుద్రజడనూ ఒకే జాతి కింద చేర్చి, 1753లో లిన్నేయస్ పెట్టిన 'ఆసిమమ్ బాసిలికమ్' అనే పేరుతోనే రెండింటినీ పిలుస్తున్నారు.

అయితే పేరు చివర తులసి అన్న మాట ఉండటంతో కొన్ని ఇళ్లలో చిక్కు వచ్చి పడింది. ఈ రోజుల్లో పిల్లలు ఫోనులో వంటల వీడియోలు చూసి, కోడి మాంసంలో తులసి ఆకు వేసి వండమని తల్లులను అడుగుతున్నారు. పెరట్లో ఉన్నది కోట తులసి. దాన్ని తుంచి నీచుకూరలో వేస్తామంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. వారి మాటలో న్యాయం ఉంది. కార్తీక మాసమంతా దీపం పెట్టి, క్షీరాబ్ది ద్వాదశి నాడు పెళ్లి చేసి, ఆకు కోయటానికి కూడా తిథి వారం చూసుకునే మొక్కను తీసుకుపోయి మూకుట్లో వేయమనటం సబబు కాదు. వేయవలసిన అవసరం కూడా లేదు. కూరకు కావలసిన ఆకు వేరు, కోటలో ఉన్న ఆకు వేరు.

మూడు ఆకులు, మూడు వాసనలు

థాయిలాండు (1939కి ముందు దాని పేరు సియాం) వంటలో తులసి కుటుంబపు ఆకులు ముఖ్యంగా మూడున్నాయి. మనం ఒక్క పేరుతో పిలిచేవాటిని అక్కడివారు వేరు వేరు కూరలకు వేరు వేరుగా వాడతారు. ఒకదాని బదులు మరొకటి పడితే ఇట్టే పట్టేస్తారు.

మొదటిది 'హోరపా'. మనం థాయి తులసి అంటున్నది దీన్నే. కాడ ఊదా రంగు, పూల వెన్ను ఊదా రంగు. ఆకు సన్నగా, కొస తేలి, నున్నగా ఉంటుంది. నలిపితే సోంపు వాసన, దాని వెనుక కొంచెం అతిమధురం తియ్యదనం తెలుస్తాయి. రెండవది 'కప్రావ్'. ఇది అచ్చంగా మన తులసే. కాడ మీద సన్నని నూగు, ఆకు అంచున నొక్కులు, నోట్లో వేసుకుంటే లవంగం లాంటి ఘాటు. లవంగంలో ఉండే యూజినాల్ అన్న తైలమే తులసిలోనూ ఉంది కనుక ఆ పోలిక వచ్చింది. మూడవది 'మెంగ్లక్'. లేత ఆకుపచ్చ ఆకు, తెల్లని పూలు, నిమ్మగడ్డి వాసన. దీన్ని పలుచని కూరగాయల పులుసులోనూ, బియ్యపు సేమియాతోనూ పచ్చిగా తింటారు. దీని గింజలు నానబెట్టి కొబ్బరిపాలలో వేసి తీపి వంటకం చేస్తారు.

థాయిలాండులో ఎక్కువమంది బౌద్ధులు. తులసి అక్కడ పూజ అందుకునే మొక్క కాదు, కొత్తిమీర, కరివేపాకు లాగా వంటాకు. మాంసం సన్నగా కొట్టి, వెల్లుల్లి, మిరపకాయలతో వేయించి, దింపేముందు గుప్పెడు కప్రావ్ వేసి, వేడి అన్నం మీద పెట్టి, పైన నూనెలో పొంగించిన గుడ్డు వేసి ఇస్తారు. వీధి చివర బండి మీద కూడా దొరికే తిండి ఇది. హోటలుకు వెళ్లి ఏం చెప్పాలో తోచనప్పుడు చెప్పే కూర అని అక్కడివారే నవ్వుతూ అనుకుంటారు. ఇందులో పొడుగు బొబ్బర కాయలు ముక్కలు చేసి వేయవచ్చునా కూడదా అన్న విషయం మీద మాత్రం నవ్వు లేదు, గట్టి వాదనలే నడుస్తాయి. పప్పుచారులో ఇంగువ పడాలా, వెల్లుల్లి పడాలా అని మన ఇళ్లలో జరిగే తగువు గుర్తుకు వస్తుంది.

ఈ కూరే వీడియోల ద్వారా మన ఊళ్లకు వచ్చి, కోట తులసి మీదికి కళ్లు మళ్లించింది. కప్రావ్ దొరకని దేశాల్లో చాలా థాయి హోటళ్లు దాని బదులు హోరపా వేస్తున్నాయి. రుచి కొంత మారుతుంది, లవంగపు ఘాటు పోయి సోంపు తీపి వస్తుంది. అంతే తప్ప కూరకు లోటు లేదు. కనుక మన ఇళ్లలో ఈ వంట చేయదలిస్తే థాయి తులసితోనో, మంచి వాసన గల రుద్రజడతోనో చేసుకోవచ్చు.

రుద్రజడ అన్నంత మాత్రాన ప్రతి మొక్కా కూరకు పనికిరాదు. మన పెరళ్లలో ఉన్నవి రకరకాలు. రెండు ఆకులు తుంచి అరచేతిలో నలిపి చూడాలి. సోంపు వాసన వస్తే వంటకు తీసుకోవచ్చు. కర్పూరం వాసనో, మందు వాసనో వస్తే మాలకే ఉంచాలి. పొలం గట్ల మీద దానంతట అది మొలిచే కుక్కతులసి జోలికి పోకపోవటం మేలు. దాని ఘాటు సంగతి అటుంచి, పక్క చేలో కొట్టిన పురుగు మందు ఆ ఆకు మీద పడి ఉంటుంది. ఇది చివరలో దాదాపు పచ్చిగా వేసే ఆకు. మందు చుక్క పడిన ఆకు కడిగినా నమ్మటానికి లేదు.

గోపురం లాంటి పువ్వు

థాయిలాండు ఒక్కటే కాదు, చుట్టుపక్కల దేశాలన్నీ ఈ ఆకును మరిగాయి. వియత్నాంలో మాంసం కాచిన రసంలో బియ్యపు నూడుల్స్ వేసుకుని, పక్కన పళ్లెంలో పెట్టిన పచ్చి ఆకును ఎవరికి కావలసినంత వారు తుంచి కలుపుకుంటారు. తైవాన్‌లో ఈ మొక్క పేరుకు అర్థం 'తొమ్మిది అంతస్తుల గోపురం'. పూల వెన్ను చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది. ఒక అంతస్తు మీద మరొక అంతస్తుగా పూలు చుట్టూ కట్టినట్టు ఉంటాయి. అక్కడ 'మూడు గిన్నెల కోడి' అని ఒక కూర ప్రసిద్ధం. గిన్నెడు నువ్వుల నూనె, గిన్నెడు సోయా సాసు, గిన్నెడు బియ్యపు సారా, ఈ మూడింటిలో కోడి మాంసాన్ని ఇగిరేదాకా ఉడికించి, చివర ఈ ఆకు దండిగా వేస్తారు. వాళ్లది నువ్వులు వేయించి తీసిన నూనె, మన గానుగ నూనె కంటే వాసన ఎక్కువ. ఇప్పటి ఇళ్లలో గిన్నెల కొలత పాటించేవారు తక్కువేనట, పేరు మాత్రం నిలిచిపోయింది.

ఆకు ఎప్పుడు వేయాలి?

ఈ వంట కుదరటం, కుదరకపోవటం అంతా ఇక్కడే ఉంది. మనం కరివేపాకును తాలింపులో ముందు వేస్తాం. అలవాటు కొద్దీ థాయి తులసిని కూడా నూనెలో ముందే వేసినవారికి కూర దించే వేళకు నల్లబడిన పీచు మిగులుతుంది, వాసన ఉండదు. దీని వాసన అంతా ఆవిరైపోయే తైలంలో ఉంది. పొయ్యి ఆపి, ఆకు వేసి, రెండు తిప్పులు తిప్పి, మూత పెట్టి దించాలి. ఆకు వాడి, రంగు పచ్చగానే ఉండాలి. అదే సరైన పదును. కత్తిపీట మీద తరగకూడదు. తరిగితే అంచులు నల్లబడతాయి. కాడల నుంచి ఆకులు దూసి అలాగే వేయాలి. లేత వెన్నులు కూడా వేయవచ్చు.

గరం మసాలాలు, ఆవాల తాలింపు దీనికి సరిపడవు. చింతపండు పులుసులో వేస్తే పులుపు కింద పడి వాసన నలిగిపోతుంది. పులుపు కావాలంటే దించాక నిమ్మచెక్క పిండటం మంచిది.

కోడి వేపుడు

నలుగురికి అరకేజీ ఎముకలు లేని కోడి మాంసం చాలు. కైమా లాగా కాకుండా, కత్తితో చిన్న చిన్న ముక్కలుగా కొట్టుకోవాలి. ఎనిమిది, పది వెల్లుల్లి రెబ్బలు, ఆరేడు పచ్చిమిరపకాయలు రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో వేస్తే మెత్తబడి నీరు ఊరుతుంది, రోలే మేలు. ఇనప మూకుడు బాగా కాగాక మూడు చెంచాల నూనె పోసి, ఈ ముద్ద వేసి అర నిమిషం వేయించాలి. ఘాటుకు తుమ్ములు వస్తాయి, కిటికీ తీసి ఉంచుకోవాలి. వెంటనే మాంసం వేసి, మంట తగ్గించకుండా ముక్కలు తెల్లబడి లోపలిదాకా ఉడికేవరకు, సుమారు ఆరేడు నిమిషాలు కలుపుతూ వేపాలి.

థాయివారు ఉప్పు బదులు 'నాం ప్లా' అనే చేపనీరు పోస్తారు. నెత్తళ్ల జాతి చేపలను ఉప్పుతో కలిపి పెద్ద తొట్లలో నెలల తరబడి ఊరబెట్టి వడకట్టిన నీరు అది. మన తీరంలో నెత్తళ్లను ఎండబెట్టి దాచుకున్నట్టే అక్కడ నీరుగా దాచుకున్నారన్న మాట. అది లేకపోతే ఉప్పు, ఉంటే ఒక చెంచా సోయా సాసు, చిటికెడు బెల్లం తురుము వేస్తే సరిపోతుంది. సోయా సాసులో ఉప్పు ఉంటుంది కనుక రుచి చూసి ఉప్పు వేసుకోవాలి. అడుగంటబోతుంటే రెండు చెంచాల నీళ్లు చల్లాలి. పొయ్యి ఆపి రెండు గుప్పెళ్ల ఆకు వేయాలి. అన్నం వేడిగా ఉండాలి. ఈ కూర చల్లారితే సగం పోయినట్టే.

నీచు తిననివారికి పొడుగు వంకాయలు ఇంతకంటే బాగా కుదురుతాయి. థాయిలాండులో కూడా వంకాయ, ఈ ఆకు విడదీయరాని జంట. అరకేజీ వంకాయలను ఏటవాలుగా వేలెడు ముక్కలు కోసి, ఉప్పునీళ్లలో ఉంచి, నీరు ఓడ్చి, నూనెలో పైన ఎర్రబడేదాకా వేపి తీయాలి. అదే మూకుట్లో వెల్లుల్లి, మిరప ముద్ద వేయించి, వంకాయలు తిరిగి వేసి, పావు గ్లాసు నీళ్లు, సోయా సాసు పోసి రెండు నిమిషాలు మగ్గనిచ్చి, ఆకు కలిపి దించాలి. మన గుత్తి వంకాయ ముందు నిలవదు గానీ, పావుగంటలో అయ్యే కూరగా దీన్ని మెచ్చుకోక తప్పదు.

కొబ్బరిపాల కూర

గోదావరి జిల్లాల వారికి, అందులోనూ కోనసీమ వారికి, ఈ కూర చేయటంలో ఒక అనుకూలం ఉంది. పట్నంవారు డబ్బా కొబ్బరిపాలతో అవస్థ పడతారు. మనకు చెట్టు కాయ ఉంది.

ఆకుపచ్చ కూర అని పేరు. ఆ రంగు పచ్చిమిరపకాయల వల్ల వస్తుంది. మిరప ఆసియా పంట కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వర్తకుల చేతి మీదుగా 16వ శతాబ్దంలో మన దేశానికీ, ఆ దేశాలకూ వచ్చింది. అయోధ్య పేరు పెట్టుకున్న అప్పటి సియాం రాజధాని అయుత్తయకు పోర్చుగీసు దూత మొదట చేరినది 1511లో. ఇప్పుడు మిరప లేని థాయి వంటను గానీ, మన వంటను గానీ ఊహించలేం.

పది, పన్నెండు పచ్చిమిరపకాయలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, అయిదారు చిన్న ఉల్లిపాయలు, వేళ్లతో సహా కడిగిన కొత్తిమీర కాడలు గుప్పెడు, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, పది మిరియాలు తీసుకోవాలి. నిమ్మగడ్డి మొదలు దగ్గర తెల్లగా ఉండే భాగం రెండు కాడలది సన్నగా తరిగి కలపాలి. దుంపరాష్ట్రం పచ్చిది దొరికితే అరంగుళం ముక్క వేయాలి. మూలికల కొట్లో దొరికే ఎండు దుంప కంటే అల్లం వేసుకోవటమే నయం. థాయివారు రొయ్యల ముద్ద కలుపుతారు. మనం చెంచాడు ఎండు రొయ్యపప్పు వేయించి పొడి కొట్టి వేసుకోవచ్చు. అన్నీ కలిపి మెత్తగా నూరాలి.

ఒక పెద్ద కొబ్బరికాయ తురిమి చిక్కటి పాలు వేరుగా, రెండవ పాలు వేరుగా తీసుకోవాలి. ఇక్కడ వాళ్ల పద్ధతి మన పద్ధతికి తలకిందులు. మనం చిక్కటి పాలు చివర పోస్తాం, విరుగుతాయని భయం. వాళ్లు చిక్కటి పాలనే ముందు మూకుట్లో పోసి, నూనె పైకి తేలేదాకా మరిగించి, ఆ నూనెలోనే నూరిన ముద్దను వేయిస్తారు. చేత్తో పిండిన పాలలో ఈ నూనె త్వరగా తేలుతుంది. పచ్చివాసన పోయాక కోడి ముక్కలు గానీ, వంకాయ ముక్కలు గానీ వేసి, రెండవ పాలు పోసి, ఉప్పు, నిమ్మకాయంత బెల్లం వేసి ఉడికించాలి. అక్కడివారు చిన్న గుత్తులుగా కాసే చేదు ఉస్తికాయలు కూడా వేస్తారు. మనకు ఉస్తికాయలు తెలియనివి కావు. ఎండబెట్టి వేయించుకునే వాటినే పచ్చిగా నాలుగు వేస్తే సరి. వాళ్లు వేసే నారింజ జాతి ఆకు బదులు లేత దబ్బాకు రెండు చీల్చి వేయవచ్చు. మజ్జిగలో వేసేదే. పొయ్యి ఆపి గుప్పెడు థాయి తులసి వేసి మూత పెట్టాలి. రంగు మరీ చిలకపచ్చగా రాదు, లేత పచ్చగా వస్తుంది. అంతే రావాలి.

మొక్క పెంపకం

కడియం, కడియపులంక నర్సరీలలో థాయి తులసి మొక్క అడిగి చూడవచ్చు. నర్సరీ వారు కొన్నప్పుడు అన్ని రకాలనూ కలిపి 'బేసిల్' అనే అంటారు. ఆకు నలిపి వాసన చూసి, కాడ ఊదా రంగు చూసి తెచ్చుకోవాలి. విత్తనాల పొట్లాలలో 'సియామ్ క్వీన్' అనే రకం పేరు గలది. ఇది 1997లో అమెరికాలో ఆల్ అమెరికా సెలెక్షన్స్ బహుమతి పొందింది. కూరగాయల దుకాణంలో కొన్న కట్ట కూడా మొక్క అవుతుంది. బలమైన కాడను కింద ఆకులు తీసి గ్లాసు నీళ్లలో ఉంచి, రెండు రోజులకోసారి నీళ్లు మారిస్తే వారం, పది రోజుల్లో వేళ్లు వస్తాయి.

గింజలు చల్లేవారు పైన మట్టి పలుచగా మాత్రమే కప్పాలి. లోతుగా పడితే మొలవవు. వారం రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. రోజుకు ఆరు గంటల ఎండ కావాలి, మొక్కకు మొక్కకు అడుగు దూరం ఉండాలి. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది కనుక, వానకాలంలో కుండీలో ఇసుక, పశువుల ఎరువు కలిపిన మట్టిలో పెంచుకోవటం మేలు. జానెడు ఎత్తు ఎదగగానే తల తుంచాలి. తుంచిన చోట రెండు కొమ్మలు వస్తాయి. జాలిపడి తుంచనివారి మొక్క నిలువునా పెరిగి, పువ్వు పూసి, ఆకు చిన్నబడి ముదిరిపోతుంది. వెన్ను కనిపించినప్పుడల్లా గిల్లివేస్తుంటే నెలల తరబడి ఆకు వస్తుంది.

కోసిన ఆకును ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి నల్లబడిపోతుంది. పూలగుత్తి లాగా గ్లాసు నీళ్లలో నిలబెట్టి వంటింటి నీడన ఉంచితే కొన్ని రోజులు నిలుస్తుంది. ఎండబెట్టి డబ్బాలో దాచటం వృథా శ్రమ. వాసన పోయిన గడ్డి మిగులుతుంది.

ఎకరాల్లో వేయవచ్చా?

పట్నంలో చిన్న కట్ట ధర విని, ఉన్న పంట తీసేసి దీన్ని వేద్దామనే ఆలోచన రైతులకు రావచ్చు. తొందరపడటం మంచిది కాదు. కోసిన కొద్ది గంటల్లో వాడే ఆకు ఇది, ఎండలో లారీ ఎక్కితే సగం దారిలోనే కట్ట వేలాడిపోతుంది. కొనేవారు పెద్ద హోటళ్లు, కొన్ని దుకాణాలు, అదీ కొద్ది కొద్దిగా. హైదరాబాదు, విశాఖ దగ్గరగా ఉండి, కొనే హోటలుతో ముందుగా మాట అనుకున్నవారికి ఒకటి రెండు సెంట్లలో లాభం ఉండవచ్చు. దూరపు పల్లెల్లో ఎకరా వేసినవారు ఆకును ఎవరికి అమ్మాలో ముందు చెప్పగలగాలి. విత్తనం అమ్మేవాడి మాట దానికి జవాబు కాదు.

ఇదే జాతిని తైలం కోసం పెంచటం వేరే వ్యవహారం. ఉత్తరప్రదేశ్‌లో అలా సాగు ఉంది. దానికి ఊళ్లోనో, దగ్గరలోనో ఆకు వండి నూనె తీసే బట్టీ ఉండాలి. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ 'సిమ్ సౌమ్య' వంటి రకాలను విడుదల చేసింది. హైదరాబాదులో బోడుప్పల్ వద్ద ఆ సంస్థకు పరిశోధన కేంద్రం ఉంది. ఆసక్తి గలవారు విత్తనం కొనేముందు అక్కడ విచారించుకోవాలి. ఇంటి వాడకానికయితే నాలుగు మొక్కలు చాలు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగులకు కూడా వస్తుంది.

విత్తనం కట్టేవారు ఒక సంగతి గమనించాలి. పక్కనే రుద్రజడ ఉంటే తేనెటీగలు రెండింటినీ కలిపేస్తాయి. ఆ గింజల నుంచి వచ్చే మొక్కకు ఏ వాసన వస్తుందో చెప్పలేం. రకం చెడకుండా ఉండాలంటే కొమ్మ నాటుకోవటమే మార్గం. మిగిలిన గింజలను సబ్జాగా వాడుకోవచ్చు. వెన్నులు ఎండి గోధుమ రంగుకు తిరిగాక, పొద్దెక్కిన తరువాత కోసి, చేటలో నలిపి చెరిగితే నల్లని గింజ దిగుతుంది. చెంచాడు గింజలు గ్లాసు నీళ్లలో వేస్తే పావుగంటలో చుట్టూ జిగురు పట్టి ఉబ్బుతాయి. నిమ్మరసంలోనో, చల్లని పాలలోనో కలుపుకోవచ్చు. పొడి గింజలను మాత్రం పిల్లల నోట్లో వేయరాదు. గొంతులోకి వెళ్లాక ఉబ్బి అడ్డం పడతాయి.